అప్‌డేట్: నెట్ లేకుండా పాత కంప్యూటర్లతో ఇంగ్లీష్

ఆమధ్య అడిగాను కదా, పర్లాకిమిడిలో మా ట్యూషన్ పిల్లలకి (ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా) నెట్ సరిగ్గా రాని పాత కంప్యూటర్లతో ఇంగ్లీష్ ఎలా చెప్పాలి అని, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్ అండి.

ఒకరు చెప్పిన హాట్ పొటాటోస్ (ఎక్సర్‌సైజులు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్) వేశాను, కెనడాలో విక్టోరియా యూనివర్సిటీ వాళ్ళది, 2009 నుంచి ఫ్రీ. మనం చేసిన ఎక్సర్‌సైజ్ వెబ్ పేజీలా సేవ్ అవుతుంది, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళి బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. అందులో జేమిక్స్ సూపర్, కలగాపులగంగా ఉన్న మాటల్ని వరసలో పెట్టాలి. తెలుగులో, ఒడియాలో క్రియ చివర్నే కదా, మావాళ్ళు "ఐ మార్కెట్ గో" అనే పెట్టేవారు, తప్పని కంప్యూటర్ చెప్తే నవ్వుకుని మళ్ళీ చేస్తారు, నేను చెప్తే మాత్రం మొహాలు మాడ్చుకుంటారు.

ఉచ్చారణకి ఆడాసిటీ, గొంతు రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్, ఇది కూడా ఫ్రీయే. "ఇస్కూల్" అని రికార్డ్ చేస్తే ముందున్న ఇ స్క్రీన్ మీద విడిగా బుడిపెలా కనిపిస్తుంది, ఒక పాప అది చూసి "సార్ దీన్ని తీసేయనా" అని మౌస్‌తో సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టింది, ప్లే చేస్తే తన గొంతులోనే చక్కగా స్కూల్ అని వినపడింది! ఇంక అందరూ అదే పని.

స్పెల్ చెక్ మాత్రం ఆపేశాను, ఎర్రగీత కనపడితే చదవకుండానే రైట్ క్లిక్ కొట్టేస్తున్నారు.

గుణుపురం నుంచి అడిగిన మేడమ్ గారూ, ఫైళ్ళు కావాలంటే చెప్పండి, అటు వచ్చేవాళ్ళతో పంపిస్తాను.