అప్‌డేట్: రెండు దారుల్లో అంతర్గత శక్తి మార్పు వేరుగా ఎందుకొచ్చింది?

తప్పు దొరికింది. ప్రశ్న ఇది: 1 మోల్ ఏకపరమాణుక ఆదర్శ వాయువును 300 కె (కెల్విన్), 24.94 లీటర్ల స్థితి నుంచి 600 కె, 49.88 లీటర్లకు రెండు దారుల్లో తీసుకెళ్తే అంతర్గత శక్తి మార్పు ఒకసారి 3741 జౌళ్లు, ఇంకోసారి 2012 వచ్చింది.

స్థిర పీడనం దారిలో లోపం లేదు: ఇచ్చిన ఉష్ణం 6236, వాయువు చేసిన పని 2494, వాటి తేడా, అంటే అంతర్గత శక్తి మార్పు, 3741 (దశాంశాలు సవరించాక).

చిక్కంతా రెండో దారిలోనే. మొదట 300 కె దగ్గరే నెమ్మదిగా రెట్టింపు వ్యాకోచం, తర్వాత ఘనపరిమాణం కదలకుండా వేడి చేయడం. ఉష్ణోగ్రత మారలేదు కదా అని మొదటి అంచెలో ఉష్ణం సున్నా వేశాను. అది స్థిరోష్ణక ప్రక్రియ (ఉష్ణం లోపలికీ బయటికీ పోనిది) మాట, సమోష్ణోగ్రత ప్రక్రియది (ఉష్ణోగ్రత మారనిది) కాదు. వాయువు 1729 జౌళ్ల పని చేస్తూ చల్లబడకుండా ఉండాలంటే అంతే ఉష్ణం బయటి నుంచి రావాలి. అది కలిపితే ఉష్ణం 5470, పని 1729, తేడా మళ్లీ 3741.

ఉష్ణం, పని దారిని బట్టి మారతాయి. వాటి తేడా మాత్రం మొదటి, చివరి స్థితులదే. రసాయనశాస్త్ర పుస్తకాల్లో పని గుర్తు తిరగబడి ఉంటుంది, అక్కడ తేడాకు బదులు ఉష్ణం, పనుల కూడిక రాయాలి.