మిర్చి సీజన్‌లో సెలవులు ఆపేస్తే సిబ్బంది మనసు విరుగుతోంది. ఏం చేయాలి?

ప్రశ్న (గుంటూరు): మిర్చి ఎగుమతి సంస్థ, 40 మంది సిబ్బంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సెలవులన్నీ బంద్. ఇప్పుడు చెప్పకుండానే పనికి డుమ్మా కొడుతున్నారు. పద్ధతి ఎలా మార్చాలి?

జవాబు 1: పూర్తిగా బంద్ పెట్టడమే తప్పండీ. అడిగినా రాదని తెలిస్తే ఎవరూ అడగరు, పొద్దున్నే ఫోన్ ఆపేస్తారు. పరిమితి పెట్టండి: గ్రేడింగ్‌లో (కాయల్ని నాణ్యత బట్టి వేరుచేసే చోట) పదిమందికి రోజుకి ఒకరికి సెలవు, లెక్కల విభాగంలో ఒకరికి. దరఖాస్తుకి రెండు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. కుదరదంటే ఏ తేదీన కుదురుతుందో అక్కడే రాయాలి. నోటిమాట సెలవు అసలొద్దు, జీతం కోత గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. సంక్రాంతికి పోయినేడు వెళ్లినవాళ్లకి ఈసారి మిగతావాళ్ల తర్వాతే అవకాశం ఇవ్వండి.

జవాబు 2 (విజయవాడ): సెలవులతోపాటు వేళల సౌలభ్యం (వచ్చే, వెళ్లే వేళలు మార్చుకునే వీలు) కూడా చూడండి. అది ఆఫీసువాళ్లకే ఇస్తే గోడౌన్‌వాళ్లకి కడుపు మండుతుంది, న్యాయమే కదా! లారీ వేళ మారదు కాబట్టి వాళ్లకి షిఫ్టు మార్పిడి ఇవ్వండి. షిఫ్టు మార్చుకునే ఇద్దరూ కాగితం మీద సంతకం పెట్టి, ముందురోజు సాయంత్రం 5 లోపు సూపర్‌వైజర్‌కి ఇవ్వాలి. ఆదివారం పనిచేయిస్తే బదులు సెలవు ఆరోజే రిజిస్టర్‌లో ఎక్కించండి.

ప్రశ్నించినవారు: మిగిలిన సెలవులు డిసెంబరు 31తో రద్దు చేస్తున్నాం. అదీ కారణమేనా?

జవాబు 1: అవునండీ. డిసెంబరులో అందరూ ఒక్కసారే అడుగుతారు, మీరు కాదంటారు, కష్టపడి దాచుకున్నది పోతుంది. వచ్చే ఏడాదికి కలపండి. అక్టోబరులోనే ఎవరికెన్ని ఉన్నాయో చీటీ ఇవ్వండి.

జవాబు 3: జబ్బు చేస్తే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) మరవకండి. అర్హులకి ఏడాదిలో 91 రోజుల వరకు సగటు వేతనంలో 70 శాతం వస్తుంది, ఈఎస్‌ఐ డాక్టరు ధ్రువపత్రం ఉండాలి.