కోడిపిల్లల రెట్టలో నెత్తురు పడుతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
నమస్తే అండి, పెరట్లో 14 కోడిపిల్లలు పెంచుతున్నాను, ఐదు వారాలవి. నాలుగు రోజులుగా ఒకటే ముసురు, గూట్లో పరిచిన పొట్టంతా తడిసిపోయింది, మార్చడం కుదర్లేదు. నిన్న ఒక పిల్ల రెక్కలు వాల్చేసి కళ్ళు మూసుకుని మూలన ముడుచుకుంది, ఇవాళ ఇంకో రెండు అలాగే, మేత ముట్టట్లేదు, రెట్టలో నెత్తురు. మొదటిది తెల్లారేసరికి చచ్చిపోయింది, చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, చాలా బాధేసింది. నట్టల మందు (కడుపులో పురుగులు పోయే మందు) వెయ్యనా? బి కాంప్లెక్స్ అయితే నీళ్ళలో కలుపుతున్నా.

జవాబు 1:
ఆ వయసు, తడి పొట్టు, నెత్తురు రెట్ట, మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది కాక్సిడియోసిస్. ఐమీరియా అనే కంటికి కనపడని పరాన్నజీవి పేగు గోడలో పెరిగి దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది, అందుకే ఆ నెత్తురు. ఇది ఏలికపాము కాదండి, నట్టల మందుకి పోదు. ఆంప్రోలియం అనే మందు కావాలి, 20 శాతం పొడి అయితే లీటరు నీళ్ళకి 1.2 గ్రాములు, ఐదు రోజులు, బాగున్న వాటికి కూడా, ఎందుకంటే అన్నీ అదే పొట్టులో ఏరుకుని తిన్నాయి కదా. ఏరోజుకారోజు కొత్తగా కలపండి, వేరే నీళ్ళు అందకూడదు. మేత మానేసినా నీళ్ళు తాగుతుంటాయి, అదే మన అదృష్టం, అదీ తాగలేని దానికి డ్రాపర్‌తో ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా పట్టండి.

జవాబు 2:
బి కాంప్లెక్స్ వెంటనే ఆపండి ప్లీజ్! ఆంప్రోలియం చూడ్డానికి బి కాంప్లెక్స్‌లో ఉండే బి1 విటమిన్ లాగే ఉంటుంది, పరాన్నజీవి దాన్నే బి1 అనుకుని లాక్కుంటుంది, అసలుది దొరక్క చస్తుంది. మీరు పక్కనే బి1 పోస్తే మందు పని చెడిపోతుంది. కోర్సు అయ్యాక ఇవ్వండి.
పొట్టు మొత్తం ఎత్తి పొడిది వెయ్యండి, మందు కంటే ఇదే ముఖ్యం అంటాను నేను. రెట్టలో వచ్చే ఆ పరాన్నజీవి గుడ్లు తడీ వెచ్చదనం ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికొస్తాయి, మామూలు ఫినాయిల్‌కి చావవు, ఆరబెట్టడమే దారి.

జవాబు 3:
చదివేవాళ్ళు కంగారు పడకుండా ఒక మాట, రోజులో కొన్నిసార్లు ముదురు గోధుమ రంగులో జిగటగా బాగా కంపు కొట్టే రెట్ట వేస్తాయి, అది మామూలే. నెత్తురు లేకపోయినా కాక్సిడియోసిస్ ఉండొచ్చు, ముడుచుకుని ఉండటం, బరువు తగ్గడం చూడండి. ఆకుపచ్చ రెట్ట, మెడ తిరిగిపోవడం ఉంటే మాత్రం కొక్కెర తెగులు కావచ్చు, దానికి ఈ మందు పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:
బి కాంప్లెక్స్ పారబోశా, పొట్టు ఎత్తేశా, మందు మొదలెట్టా. చచ్చినదాన్ని ఇంకా పాతిపెట్టలేదండి.

జవాబు 1:
అయితే కవర్లో చుట్టి చల్లగా ఉంచండి, గడ్డకట్టించొద్దు. ఇవాళే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, కోసి చూస్తే పేగు చివర రెండు సంచులు నెత్తురుతో ఉబ్బి ఉన్నాయో లేదో అక్కడే తేలిపోతుంది.