కమ్మెచ్చున తీసినట్టు: అందం ఒక్కటే కాదు

"కమ్మెచ్చున తీసినట్టు" అంటే "చాలా అందంగా" అని మొన్న ఇక్కడ ఒకరు రాస్తే, కింద వ్యాఖ్యల్లో అందరూ అవునన్నారు. నేను ఒప్పుకోలేను. అందం ఆ మాటలో ఉంది కానీ దాని ప్రాణం వేరే: ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లావు, ఒకే నునుపు.

కమ్మి అంటే లోహపు తీగ, దాన్ని తీసే అచ్చు కమ్మెచ్చు (కమ్మచ్చు అని కూడా అంటారు). కంసాలి దగ్గర ఉండే ఉక్కు పలక అది, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా బెజ్జాలు ఉంటాయి. కడ్డీ కొసను సన్నగా అరగదీసి, పెద్ద బెజ్జంలో దూర్చి, అవతలి నుంచి పట్టకారుతో లాగుతారు, తర్వాత దాని పక్క బెజ్జం, ఆ తర్వాత ఇంకోటి, మధ్యలో లోహం బిరుసెక్కితే కాల్చి మెత్తబరిచి మళ్లీ లాగాలి.

ఈ మాట ఇవాళ కళ్లకు కట్టాలంటే తిరుపతిలో ఏ బైండింగ్ షాపుకైనా వెళ్లి, కాగితాలను తీగతో కుట్టే స్టిచింగ్ మిషన్ మీద తిరిగే స్టీలు తీగ రీలు చూడండి. ఆ తీగా ఇలాగే పుడుతుంది. ఫ్యాక్టరీలో సాధారణంగా 5.5 మి.మీ. కడ్డీతో మొదలుపెట్టి, టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన అచ్చుల్లోంచి వరసగా లాగుతారు. పుస్తకాలకు వాడే 25 గేజి (గేజి అంటే తీగ లావు చెప్పే నంబరు) తీగ సుమారు అర మిల్లీమీటరు, అంటే మీటరు కడ్డీ దాదాపు 120 మీటర్లు సాగుతుంది. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, ఎందుకంటే ఎన్నిసార్లు లాగారన్న లెక్కలోంచే ఆ నంబర్లు పుట్టాయి.

మిషన్ ఆ తీగను ముక్కగా కోసి, రెండు కాళ్లుగా వంచి, కాగితాల్లో దించి, అడుగున మడుస్తుంది, ఇదంతా ఒక్క దెబ్బలో. ఒకచోట లావైనా దారిలో ఇరుక్కుంటుంది, సన్నబడితే కాగితాల మధ్యలోనే వంగిపోతుంది. మరీ మెత్తనైతే దిగదు, మరీ బిరుసైతే సరిగా మడవదు. అందుకే నాకు ఈ తీగ చూస్తే ఆ నుడికారం గుర్తొస్తుంది.

– అన్నా, మాది చిత్తూరు. బేనీషా మామిడి వేసే అట్టపెట్టెలకు కొట్టే తీగ గుండ్రంగా ఉండదే, పట్టీలాగా ఉంటుంది. అదీ కమ్మెచ్చు తీగేనా?

– మంచి ప్రశ్న తమ్ముడూ. ముందు గుండ్రంగానే లాగి, తర్వాత రోలర్ల మధ్య నలిపి చదును చేస్తారు. సన్నటి గుండ్రటి తీగైతే బరువు పడినప్పుడు అట్టను కోసేస్తుంది, వెడల్పుగా ఉంటే పట్టి ఉంచుతుంది. పుస్తకాలకు మాత్రం ఎక్కువగా గుండ్రటిదే, సెంటర్ పిన్నింగ్ (మడత మీద కొట్టేది) అయినా సైడ్ పిన్నింగ్ (పక్క అంచున కొట్టేది) అయినా.

– మరి ఎర్రగా మెరిసేది రాగి తీగా?

– కాదు, ఉక్కు మీద పలచటి రాగి పూత. తెల్లగా ఉండేది జింకు పూత వేసింది. తుప్పు విషయంలో జింకుదే నయం, గీత పడినా ముందు జింకే కరిగి ఉక్కును కాపాడుతుంది. రాగి పూత ఒకచోట లేచిపోతే అక్కడ ఉక్కుకు తుప్పు పట్టి కాగితం మీద మరక దిగుతుంది. కలకాలం ఉండాల్సిన పుస్తకాలకు, తేమ తగిలే సరుకుల పెట్టెలకు స్టెయిన్‌లెస్ వాడటం మేలు, ఖరీదు ఎక్కువైనా సరే.

– అయితే ముక్కును "కమ్మెచ్చున తీసినట్టుంది" అనొచ్చా అన్నా?

– నేనైతే అనను. ముక్కుకు మనకు "కోటేరు వేసినట్టు" ఉంది కదా, పైనుంచి కిందికి తీరు మారుతూ వచ్చేదానికి అది సరిపోతుంది. ఒకరిలాగే ఇంకొకరుంటే "అచ్చు గుద్దినట్టు". ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా సాగేదానికి మాత్రమే కమ్మెచ్చు: సన్నటి వేళ్లు, పట్టు తప్పకుండా నడిచే వచనం, చెదరకుండా సాగే గొంతు. వీటికి వాడండి, నిండుగా ఉంటుంది.