పొద్దున 11 గంటలకు వచ్చే గుండెదడ తిండి మార్చుకుంటే తగ్గుతుందా?

చాక్‌పీస్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఉంటూ దేవరకొండ వైపున్న ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. వయసు 41. పోయిన దసరా సెలవుల తర్వాత మొదలైన ఒక ఇబ్బంది గురించి అడుగుతున్నాను. పొద్దున 11 గంటల ప్రాంతంలో, సరిగ్గా మూడో పీరియడ్ నడుస్తుండగా, ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడుతుంది. అరచేతులు చెమటతో తడిసి చాక్‌పీస్ జారిపోతుంది. ఏదో చెడు జరగబోతున్నదన్న భయం పొట్టలోంచి పైకి లేస్తుంది. 10, 15 నిమిషాల్లో అది తగ్గుతుంది గాని, మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న దిగులు పొద్దుగూకేదాకా వదలదు.

డాక్టరు ఈసీజీ తీయించి, గుండెకు ఏమీ లేదని, ఇది ఆందోళన వల్ల వచ్చినదని చెప్పి, రోజుకొక మాత్ర రాసి నెల తర్వాత రమ్మన్నారు. ఆ మాత్రను ఇంకా మొదలుపెట్టలేదు. తిండితోనే దీన్ని తగ్గించుకోవచ్చని వీడియోల్లో చూసి ఆగిపోయాను. వాటిలో చెప్పే అవకాడో, బ్లూబెర్రీ, సాల్మన్ చేప మా ఊరి కూరగాయల మార్కెట్లో దొరికేవి కావు, దొరికినా నా జీతానికి అందవు. అరటిపండు తింటే మనసును కుదుటపరిచే సెరటోనిన్ అనే రసాయనం పెరుగుతుందని ఒకరు, రాత్రి పాలు తాగితే చాలని మరొకరు చెబుతున్నారు.

నా దినచర్య కూడా రాస్తున్నాను. ఉదయం 6 గంటలకు ఒక చాయ్, 7 గంటలకు బస్టాండులో ఒకటి, బడికి చేరగానే ఒకటి, ఇంటర్వెల్‌లో రెండు బిస్కెట్లతో ఇంకొకటి. ఇంట్లో పిల్లలకు డబ్బాలు కట్టి బస్సు అందుకునే హడావుడిలో నేను టిఫిన్ తినడం మానేసి ఏళ్లయింది. మధ్యాహ్నం 1 గంటకు అన్నం, పప్పు లేదా పచ్చిపులుసు. రాత్రి 8:30కి మళ్లీ అన్నమే. గుడ్డు వారానికి ఒకసారి, మాంసం నెలకు ఒకసారి. మన దగ్గర దొరికే తిండిలో ఏది తినాలో, తింటే నిజంగా మేలు ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

పిల్లలమర్రి నీడ

మేడం, నేను మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లు ఆసుపత్రి వంటశాలలో రోగులకు ఆహారం నిర్ణయించే పనిలో ఉండి పదవీ విరమణ చేశాను. మాత్ర సంగతి ముందుగా తేల్చుకుందాం. డాక్టరు రాసిన మందును వీడియో చూసి ఆపవద్దు. సందేహం ఉంటే ఆయననే అడగండి. తిండి మార్పు మందు పక్కన నడవవలసినదే తప్ప దాని స్థానంలో కూర్చునేది కాదు.

ఇక మీ దినచర్యలో నా కంట పడినది అరటిపండు లేకపోవడం కాదు. రాత్రి 8:30కి తిన్న మీరు మళ్లీ కడుపుకు అన్నం పెట్టేది మరునాడు మధ్యాహ్నం 1 గంటకు. అంటే పదహారున్నర గంటలు. ఆ మధ్యలో కడుపులోకి వెళ్లేవి నాలుగు చాయ్‌లు, రెండు బిస్కెట్లు. రక్తంలో గ్లూకోజు తగ్గుతున్నప్పుడు దాన్ని నిలబెట్టడానికి శరీరం అడ్రినలిన్‌ను వదులుతుంది. గుండె వేగం, చేతుల వణుకు, చెమట ఆ అడ్రినలిన్ చేసే పనులే. భయం కలిగినప్పుడు వచ్చేదీ అదే అడ్రినలిన్ కాబట్టి, ఆకలిదో భయానిదో మనసు పోల్చుకోలేక, దడను చూసి భయపడుతుంది, ఆ భయంతో దడ ఇంకాస్త పెరుగుతుంది.

చాయ్ దీనికి తోడు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. మన హోటళ్ల గ్లాసు అంతకన్నా చిన్నదే కాబట్టి మీరు హద్దు దాటడం లేదు. అయితే తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. 6 గంటల చాయ్ ఇంకా సగం మిగిలి ఉండగానే దాని మీద మరో మూడు చేరుతున్నాయి. కెఫీన్ కొందరికి ఏమీ చేయదు, ఆందోళన స్వభావం ఉన్నవారికి కొద్ది మోతాదు కూడా దడ పుట్టిస్తుంది. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది గనుక, వారానికి ఒక గ్లాసు చొప్పున తగ్గించండి.

మూడో మాట పరీక్షల గురించి. మీ వయసులో, మీరు చెప్పిన తిండితో, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపేది), విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించకుండా దీన్ని కేవలం ఆందోళన అనుకోవడానికి నా మనసు ఒప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే ఆయాసం, దడ, నీరసం వస్తాయి. బి12 తక్కువైతే మతిమరుపు, దిగులు, అరికాళ్ల తిమ్మిరి రావచ్చు. థైరాయిడ్ ఎక్కువైతే అచ్చం మీరు రాసినట్టే ఉంటుంది. బి12 మొక్కల్లో ఉండదు. అది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, కాలేయం నుంచి రావలసినదే. చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడే వారిలో ఇది మరింత తగ్గుతుంది.

సెరటోనిన్ గురించి కూడా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క మాట మీదనే సగం వీడియోలు నడుస్తున్నాయి. అరటిపండులో సెరటోనిన్ ఉన్న మాట నిజమే గాని, అది రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. మెదడు తనకు కావలసినదాన్ని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తానే తయారు చేసుకుంటుంది. ఆ ట్రిప్టోఫాన్ పప్పులు, పల్లీలు, గుడ్లు, పాలు అన్నిటిలోనూ ఉంటుంది. అరటిపండు తినండి, మంచిదే, కాని అది మందు కాదు.

మొత్తం తిండి తీరు మారితే మనసుకు మేలు జరుగుతుందా అన్నదానికి ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫెలిస్ జాకా బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో కుంగుబాటుతో ఉన్న 67 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 12 వారాలు పప్పులు, కూరగాయలు, ముడిధాన్యాలు, చేపలు ఎక్కువగా ఉండే ఆహారం నేర్పారు, రెండో జట్టుకు మాట తోడు మాత్రమే ఇచ్చారు. మొదటి జట్టులో దాదాపు 32 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడితే, రెండో జట్టులో 8 శాతం మందే బయటపడ్డారు. ఆ ప్రయోగం చిన్నది. తాము ఏ జట్టులో ఉన్నామో వారికి తెలుసు. అందులో చాలామంది అప్పటికే చికిత్సలో ఉన్నవారే. అందుకే నేను పక్కన నడవాలి అన్నాను. అక్కడ పనిచేసింది ఏదో ఒక పండు కాదని కూడా గమనించండి.

మీకు నా సలహా ఇది. రాత్రి మిగిలిన అన్నంలో పెరుగు కలిపి పెట్టుకుంటే, పొద్దున ఒక ఉల్లిగడ్డ ముక్కతో సద్దన్నం తినడానికి 5 నిమిషాలు చాలు. బస్సు పోదు. ఇంటర్వెల్‌కు బిస్కెట్లకు బదులు గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు డబ్బాలో తీసుకుపోండి. పల్లీ మన జిల్లాల పంటే, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. 100 గ్రాముల పల్లీలో నియాసిన్ (విటమిన్ బి3) సుమారు 12 మిల్లీగ్రాములు ఉంటుంది, మెగ్నీషియం కూడా బాగానే ఉంటుంది. గుడ్డును రోజూ ఒకటి చేసుకోండి. చేప ఖరీదనుకుంటే గంగవాయిలి కూరను మరువకండి. వీడియోల్లో సాల్మన్ చేప గురించి చెప్పే ఒమేగా-3 కొవ్వుల కుటుంబానికే చెందిన ఒక కొవ్వు, చేపలోని దానితో సమానం కాకపోయినా, ఆకుకూరల్లో దీనిలోనే ఎక్కువగా ఉంటుంది. పెసరపప్పులో వేసి, చివర చింతపండు పులుసు కొద్దిగా పిండితే దాని జిగురు తెలియదు. కిడ్నీలో రాళ్లు ఉన్నవారు మాత్రం దాన్ని తగ్గించుకోవాలి.

జూరాల గట్టు

పెద్దలకు నమస్కారం. ఇంత లెక్క అవసరమా అని నా సందేహం. మా నాయనమ్మ జొన్న గట్క, జొన్నరొట్టె, తొక్కు తప్ప వేరే ఎరుగదు, ఆందోళన అన్న మాట ఆమె నోట వినలేదు. బియ్యం వదిలి జొన్నకు మళ్లితే ఈ రోగాలన్నీ పోతాయని నా నమ్మకం. మా ఇంట్లో రెండేళ్లుగా జొన్నరొట్టెనే, బబ్బెర్ల కూర, పెరుగుతో తింటున్నాం, ఒళ్లు తేలికగా ఉంది.

పిల్లలమర్రి నీడ

తమ్ముడూ, జొన్న మీద నాకూ ప్రేమే. పీచు ఎక్కువ, మెల్లగా అరుగుతుంది, పొద్దున రెండు రొట్టెలు తిన్న మనిషికి 11 గంటలకు కడుపు ఖాళీ కాదు. మేడం గారికి వీలైతే అదే మేలైన టిఫిన్. కాని జొన్న, తొక్కు మాత్రమే తిన్న తరం సంగతి నాయనమ్మ జ్ఞాపకంలో ఉన్నంత హాయిగా లేదు.

1950ల చివరలో, 60లలో హైదరాబాదు ఆసుపత్రులకు మన దక్కను పల్లెల నుంచి, నియాసిన్ లోపం వల్ల కలిగే పెల్లాగ్రా అనే జబ్బుతో రోగులు వచ్చేవారు. వారు ఎక్కువగా జొన్న మీదనే బతికే పేద కూలీలు. ఎండ తగిలిన చేతులు, మెడ నల్లబారి పొలుసులు రాలేవి, విరేచనాలు పట్టుకునేవి. వీటితో పాటు నిద్రలేమి, చిరాకు, దిగులు ఉండేవి. నియాసిన్ లోపం మనసును ఎంతగా కుంగదీస్తుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం దీనికి కారణం కావచ్చునని పోషకాహార శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఆ వాదనను తర్వాత అందరూ ఒప్పుకోలేదు గాని, ఒకే ధాన్యం మీద, పక్కన పప్పు, పాలు, మాంసం లేకుండా బతకడం వల్లనే ఆ రోగం వచ్చిందన్నది స్థిరపడిన విషయమే. మీ ఇంట్లో రెండేళ్లుగా ఒళ్లు తేలికగా ఉండటానికి రొట్టె ఎంత కారణమో, దాని పక్కన పెట్టుకుంటున్న బబ్బెర్ల కూర, పెరుగు కూడా అంతే కారణమని నేను అనుకుంటాను.

జూరాల గట్టు

పెల్లాగ్రా సంగతి నేను ఎరుగను. మా ఇంట్లో పప్పు లేని రోజు లేదన్నది నిజమే.

కల్వకుర్తి దారి

ఒక మాట కలుపుతున్నాను. ఇది మేడం గారి సమస్యకు నేరుగా సంబంధించినది కాకపోయినా, తినేవాటి గురించి మాట్లాడుతున్నవారు తాగేవాటిని మరచిపోతున్నారు. మా అన్నయ్యకు పొద్దున లేస్తే ఒళ్లంతా వణుకు, భయం, నిద్ర లేదు. సాయంత్రం కల్లు తాగితే సర్దుకునేది. మేమందరం మనోవేదన అనుకున్నాం. తీరా చూస్తే అది కల్తీ కల్లు. మన పాలమూరు ప్రాంతంలో కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నట్టు ఎక్సైజ్ వారు ఎన్నోసార్లు పట్టుకున్నారు. మత్తు మందు దిగిపోతుండగా వచ్చే ఆందోళనే అది. మేము తెలియక ఒకేరోజు మాన్పిస్తే మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో చేర్చి, మందును మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించారు. ఇంట్లో ఇలాంటివారు ఉంటే ముందు డాక్టరుకు చూపించండి, ఒక్కసారిగా ఆపవద్దు. ఎవరితో మాట్లాడాలో తెలియనివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరు ఉన్నది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.

చాక్‌పీస్

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. పరీక్షలలో హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది, బి12 కూడా తక్కువే, థైరాయిడ్ మాత్రం బాగున్నది. డాక్టరు ఐరన్ మాత్రలు, బి12 రాసి, ఆందోళన మాత్రను కూడా వేసుకోమన్నారు. అది మొదలుపెట్టాను. నా నెలసరి ఎక్కువగా అవుతున్న సంగతి ఆయన అడిగేదాకా నాకే తట్టలేదు. దానికి వేరే డాక్టరు దగ్గరికి పంపించారు.

సద్దన్నం పొద్దున తింటున్నాను. మొదటి వారం బడిలో నిద్ర వచ్చింది గాని తర్వాత అలవాటైంది. చాయ్‌లు నాలుగు నుంచి రెండు అయ్యాయి. బస్టాండు చాయ్‌ను వదలడం అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే అక్కడ చాయ్ కన్నా తోటి టీచర్లతో మాట్లాడే 10 నిమిషాలే నాకు ముఖ్యమని మానేశాక తెలిసింది. అందుకని ఇప్పుడు అక్కడ పల్లీల డబ్బా తెరుస్తున్నాను, నలుగురం తింటున్నాం, ఇంటర్వెల్‌కు మిగలడం లేదు. దడ పూర్తిగా పోలేదు. పోయిన వారం రెండుసార్లు వచ్చింది, అంతకు ముందు రోజూ వచ్చేది. మాత్ర వల్లనా, రక్తం వల్లనా, తిండి వల్లనా అన్నది నేను విడదీయలేను.

ఒక సందేహం. ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది, మలం నల్లగా వస్తోంది. మానేయాలా?

పిల్లలమర్రి నీడ

మానవద్దు. మలం నల్లగా రావడం ఐరన్ వల్లనే, భయం లేదు. కడుపులో తిప్పుతుంటే అన్నం తిన్న తర్వాత వేసుకోండి, ఖాళీ కడుపుతో వేసుకున్నంతగా పట్టకపోయినా మానేయడం కన్నా నయం. అప్పటికీ తిప్పుతుంటే రోజు విడిచి రోజు ఇవ్వవచ్చునేమో డాక్టరును అడగండి. మాత్రతో పాటు ఒక బత్తాయి తినండి. నల్లగొండ తోటల్లో ఉండి దాన్ని డబ్బాల రసంగా తాగవలసిన పని లేదు. విటమిన్ సి ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. మాత్రకు గాని, భోజనానికి గాని ముందొక గంట, వెనకొక గంట చాయ్ వద్దు, దానిలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. పాలు, కాల్షియం మాత్ర ఐరన్‌కు రెండు గంటల ఎడంగా ఉండాలి. హిమోగ్లోబిన్ 12 దాటగానే మాత్రలు ఆపేసేవారు చాలామంది. ఒంట్లో నిల్వ నిండాలంటే ఆ తర్వాత కూడా సుమారు మూడు నెలలు వాడవలసి ఉంటుంది. ఈసారి పరీక్షకు పోయినప్పుడు ఫెరిటిన్ కూడా రాయించుకోండి. డబ్బాలో పల్లీలు ఇంకో గుప్పెడు ఎక్కువ పెట్టుకోండి.