పసిపిల్లలతో చిన్న లేసు వ్యాపారం: ఈ తొలి రోజుల సంతోషాన్ని నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న: నర్సాపురం అల్లిక

అందరికీ నమస్కారం. మాది నర్సాపురం పక్కన పల్లె. మా అమ్మ, అమ్మమ్మ ఇద్దరూ లేసు అల్లినవారే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడు, వారు అరుగు మీద కూర్చుని అల్లేవారు, ముక్కల లెక్కన అతను కట్టిన కూలి పుచ్చుకునేవారు. నేను కొంతకాలంగా సొంతంగా దారం కొని పసిపిల్లల గౌన్లు, టోపీలు, చేప, ఏనుగు బొమ్మలు అల్లి, వాట్సాప్‌లో తెలిసినవారికి, వారి ద్వారా తెలిసినవారికి అమ్ముతున్నాను. పెద్దమ్మాయి రెండో తరగతి చదువుతోంది, చిన్నవాడికి మూడేళ్లు.

నిజం చెప్పాలంటే ఇప్పుడు చాలా ఆనందంగా ఉంది. ఏనుగు చెవులకు ఏ రంగు వేయాలో మా అమ్మాయి బడి నుంచి వచ్చి తేలుస్తుంది, ఆ తీర్పుకు అప్పీలు లేదు. గౌను వేసుకున్న పాప ఫోటోను ఎవరైనా పంపితే ఇంటిల్లిపాదీ చూస్తాము. ఇంతలో భీమవరంలోని ఒక దుకాణంవారు ప్రతి నెలా ఒకే నమూనా గౌన్లు పెద్ద సంఖ్యలో ఇవ్వగలవా అని అడిగారు. వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకోవద్దని మా అత్తగారు అంటున్నారు. ఒప్పుకుంటే ఈ సంతోషం పోతుందేమోనని, ఒప్పుకోకపోతే ఇది కాలక్షేపంగానే మిగిలిపోతుందేమోనని నాకు సందేహం. పిల్లలను పెంచుకుంటూ ఇటువంటి పని మొదలుపెట్టినవారు ఎక్కడ గీత గీసుకున్నారో తెలుసుకోవాలని ఉంది.

జవాబు: పాలకొల్లు పెద్దమ్మ

అమ్మాయీ, ఆ దుకాణంవారికి మాట ఇచ్చే ముందు మూడు సంగతులు తేల్చుకో. నమూనా ఎవరిది, గడువు ఎవరు పెడతారు, అమ్ముడుపోని సరుకు ఎవరి దగ్గర మిగులుతుంది? మొదటి రెండూ వారివై, మూడోది నీదైతే, మీ అమ్మగారు చేసిన కూలిపనే నువ్వూ చేస్తున్నట్లు. పైగా ఆమెకు దారం ఖర్చయినా ఉండేది కాదు, నీకు అదీ ఉంటుంది. నమూనా నీదై, ఎన్ని ఇవ్వగలవో నువ్వే చెప్పగలిగితే మాత్రం ఆ దుకాణం వల్ల నీకు మేలే.

ఇక పిల్లల విషయం. మన పనిలో ఉన్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, మగ్గం మీది పనిలా కాకుండా దీన్ని వరుస మధ్యలో కూడా ఆపవచ్చు. సూది తీసేసి, అది ఉన్న ఉచ్చుకు ఒక పిన్నీసు తగిలిస్తే, పిల్లవాడు లాగినా అల్లిక ఊడిపోదు. కానీ ఉతకడం, గంజి పెట్టడం, లాగి ఆరవేయడం, ఇస్త్రీ చేయడం మధ్యలో ఆగే పనులు కావు. వాటిని పెద్దది బడిలో, చిన్నవాడు అంగన్‌వాడీలో ఉన్న వేళకే ఉంచుకో. సాయంత్రం వాళ్ల మధ్య కూర్చుని అల్లుకో, అప్పుడు చేతిలో పని ఉన్నా మాట వాళ్లతోనే ఉంటుంది. ఆషాఢ శ్రావణాల్లో, అందులోనూ గోదావరి పోటు మీద ఉన్న రోజుల్లో, ఇంట్లో తెల్లదారం చెమ్మ పట్టి మాసినట్లు కనిపిస్తుంది, గంజి కూడా సరిగా ఆరదు. ఆ నెలల్లో ఎవరికీ తేదీ చెప్పకు. సంక్రాంతికి కావలసినవారు కార్తీకంలోపే చెప్పాలని ముందే అనేయి. అనడానికి మొహమాటపడతావని తెలుసు, అయినా అనాలి.

జవాబు: కోనసీమ నాన్న

పెద్దమ్మగారి మాట కాదనను గానీ, చిన్నగా ఉండటంలోనే సంతోషమంతా ఉందన్న ధోరణి నాకు పూర్తిగా నచ్చదు. నేను అమలాపురం దగ్గర కొబ్బరి చిప్పలతో గరిటెలు, దీపపు కుందులు చేస్తాను. మా పాప పక్కన ఉంటే చిప్పను గరుకు కాగితంతో రుద్దలేను, ఆ పొడి పిల్లలకు మంచిది కాదు. అంటే మీకున్న వీలు నాకు లేదు. అయినా నాకు పనిలో ఆనందం మొదలైంది ధర సరిగ్గా కట్టిన తరువాతే. దారం ఖరీదు ఒక్కటే చూసి ధర చెప్పకండి, ఉతుకు, గంజి, ప్యాకింగు, పోస్టాఫీసుకు వెళ్లి రావడం కూడా పనే. ఇంటి డబ్బుతో కలవకుండా వేరే బ్యాంకు ఖాతా, ఒక పుస్తకం పెట్టుకుంటే, దుకాణంవారు చెప్పే రేటు గిట్టుతుందో లేదో మీకే తెలుస్తుంది.

జవాబు: ఆచంట పాఠకుడు

బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త ఉంది, ఇది ముందే చూసుకోవలసిన సంగతి. బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతివృత్తివారు తామే చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. కనుక దుకాణానికి ఏనుగులు, చేపలు ఇచ్చే ఆలోచన ఉంటే ముందుగా ఆ నమోదు చేయించుకుని పహచాన్ కార్డు (చేతివృత్తివారి గుర్తింపు కార్డు) తీసుకోండి. గౌన్లకు, టోపీలకు ఈ చిక్కు లేదు. బొమ్మ కళ్లకు పూసలు, గుండీలు కుట్టకుండా దారంతోనే కుట్టండి, అవి ఊడితే పసివాళ్లు మింగే ప్రమాదం ఉంది. నర్సాపురం లేసుకు 2024లో, అది ఈ ప్రాంతపు సరుకని తెలిపే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అయితే ఆ గుర్తును మీ సరుకు మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బు అడిగేవారిని నమ్మకండి.

నర్సాపురం అల్లిక

అందరికీ కృతజ్ఞతలు. దుకాణంవారితో మాట్లాడాను. నా నమూనాలే, నేను చెప్పినన్ని గౌన్లే ఇస్తానని, వానాకాలంలో గడువు వద్దని చెబితే, ఆలోచించి చెబుతామన్నారు. కాదంటే నాకు బెంగ లేదు. బొమ్మలు మాత్రం కార్డు వచ్చేదాకా ఆపుతున్నాను. కోనసీమ నాన్నగారికి ఒక ప్రశ్న: చిన్నవాడు ఒడిలో ఉండగా గంట పట్టే పని, వాడు నిద్రపోయాక చాలా త్వరగా అయిపోతుంది. ధరకు ఏది లెక్క?

కోనసీమ నాన్న

ప్రతి నమూనాను పిల్లలు నిద్రపోయాక ఒక్కసారి ఏకధాటిగా అల్లి, పట్టిన సమయం పుస్తకంలో రాసుకోండి. ధరకు అదే లెక్క. వాడు ఒడిలో ఉన్నందువల్ల పట్టిన అదనపు సమయాన్ని కొనేవారి మీద వేయలేము.