ఫౌల్ అయితే ఏడ్చేస్తోంది, మా పాపకి ఎవరి కథ చెప్పాలి?

ఖమ్మం అమ్మ:
మా పాప తొమ్మిదో తరగతి, లాంగ్ జంప్ చేస్తుంది. మొన్న ఒక మీట్‌లో మొదటి రెండు దూకులూ ఫౌల్, కాలు ఎగరాల్సిన బోర్డు దాటి పడింది. మూడోసారి భయంతో బోర్డుకి అడుగున్నర ముందే ఎగిరేసింది. ఇంటికొచ్చి మూడు రోజులైంది, స్పైక్స్ (మేకుల బూట్లు) ఇంకా సంచిలోనే ఉన్నాయి, ఇసుక కూడా దులపలేదు. ఇలాంటి టెన్షన్ దాటి గెలిచిన పాతకాలం అమ్మాయిలు ఎవరైనా ఉన్నారా?

పాత అథ్లెట్:
ఉన్నారక్కా, యివెట్ విలియమ్స్. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1929లో పుట్టింది. అసలు ఆడవాళ్ల లాంగ్ జంప్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1948లో, అప్పుడు గెలిచిన దూకు 5.69 మీటర్లు. నాలుగేళ్లకి హెల్సింకిలో ఈమె క్వాలిఫయింగ్‌లోనే 6.16 దూకేసింది, ఇక పతకం ఖాయం అనుకున్నారంతా. తీరా ఫైనల్లో మొదటి రెండు ప్రయత్నాలూ కలిసిరాలేదు. మూడోది కూడా పోతే ఇంటికే, ఎందుకంటే అప్పట్లో మూడు దూకుల తర్వాత మొదటి ఆరుగురికే మిగతా మూడు ఇచ్చేవారు. ఎలాగో నిలబడింది. నాలుగోది 6.24! ప్రపంచ రికార్డుకి ఒక్క సెంటీమీటరు తక్కువ. న్యూజిలాండ్ ఆడవాళ్లలో ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన మొదటి మనిషి ఆమే. నాకైతే ఆ నాలుగో దూకు కన్నా మూడోదే గొప్పగా అనిపిస్తుంది.

పీఈటీ మాస్టారు:
ఆ సెంటీమీటరునీ వదల్లేదండి ఆమె. 1943 నుంచి నెదర్లాండ్స్ అథ్లెట్ ఫ్యానీ బ్లాంకర్స్-కోయెన్ పేరు మీదున్న 6.25ని 1954లో గిస్బోర్న్‌లో 6.28తో దాటింది. అదే ఏడాది వాంకూవర్ కామన్వెల్త్ క్రీడల్లో లాంగ్ జంప్‌తో పాటు షాట్‌పుట్, డిస్కస్ స్వర్ణాలు కూడా పట్టుకొచ్చింది. ఒక్క మనిషి!
ఇక పాప సంగతి. ఫౌల్ తప్పు బోర్డు దగ్గర జరగదమ్మా, రన్-అప్ మొదలుపెట్టే చోట జరుగుతుంది. మొదటి అడుగు ఒక్కోసారి ఒక్కో పొడవు పడితే చివర ఆ తేడా అంతా బోర్డు మీద తేలుతుంది. పరిగెత్తేటప్పుడు బోర్డు వైపు చూడొద్దని చెప్పండి. పదిసార్లు పరిగెత్తించి, ప్రతిసారీ కాలు ఎక్కడ పడిందో టేపుతో కొలవండి.

ఖమ్మం అమ్మ:
చాలా థ్యాంక్సండి. ఇప్పుడే పాపకి చదివి వినిపించాను. స్కేలు తెచ్చుకుని ఒక్క సెంటీమీటరు ఎంతుంటుందో వేలు పెట్టి చూసుకుంది. స్పైక్స్ దులపడానికి బయటికి వెళ్లింది.